మా వర్గం నుంచి ఉన్నది నేనొక్కరినే కావడంతో అందరి తరఫునా జవాబు చెప్పాల్సి వస్తోంది. ఎలా తట్టుకోవాలి?

కిటికీ పక్క సీటు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఏ వర్గానికి చెందినదీ ఇక్కడ కావాలనే రాయడం లేదు. రాసిన మరుక్షణం చర్చ నా ఇబ్బందిని వదిలేసి మా వర్గం మీదికి మళ్లుతుందని అనుభవం మీద తెలుసుకున్నాను. నా ఇబ్బంది కూడా సరిగ్గా అదే. సంఖ్యలో చిన్నదైన ఒక వర్గం అనుకుంటే చాలు. మతమో, భాషో, వైకల్యమో, మరొకటో, మీకు తోచింది ఊహించుకోండి.

మా విభాగంలో 40 మందిమి పనిచేస్తాం. మా వర్గం నుంచి ఉన్నది నేనొక్కరినే. చేరి మూడేళ్లయింది. నాకు అన్యాయం జరిగిందని చెప్పలేను, నన్ను అవమానించినవారు దాదాపు లేరు. అయినా సాయంత్రానికి ఏదో మూట మోసి వచ్చినంత అలసటగా ఉంటుంది. ఎందుకని అడిగితే చూపించడానికి గట్టి కారణం ఒక్కటీ దొరకదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను.

ఒక చిన్న సంగతి చెబుతాను. గత నెల ఒక సమావేశంలో ఎవరో తమ మాటల్లో మా వర్గం పేరు యథాలాపంగా ఎత్తారు. చెడుగా ఏమీ అనలేదు. కానీ బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి, నేను గమనించానని తెలియగానే మళ్లీ తెర వైపు తిరిగిపోయాయి. అంతా కలిపి రెండు సెకన్లు పట్టి ఉంటుంది. ఏం చేయాలో తోచక నోటుపుస్తకంలో అప్పటికే రాసి ఉన్న తేదీ కింద మళ్లీ అదే తేదీ రాసుకున్నాను. తర్వాత పది నిమిషాలు ఏం మాట్లాడారో నాకు గుర్తు లేదు.

మావాళ్లలో ఎవరో ఎక్కడో ఒక నేరం చేశారని వార్త వస్తే ఇంకో రకం ఇబ్బంది. మర్నాడు ఎవరో ఒకరు వచ్చి, చాలా మర్యాదగానే, "దీని గురించి మీవాళ్లు ఏమనుకుంటున్నారండీ?" అని అడుగుతారు. మావాళ్లందరూ ఏమనుకుంటున్నారో నాకెలా తెలుస్తుంది? మా ఇంట్లో ఉన్న నలుగురికే నాలుగు అభిప్రాయాలు. గట్టిగా ఖండిస్తే గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది, ఊరుకుంటే సమర్థించినట్టు ఉంటుంది.

మావాళ్ల వైపు నుంచి వచ్చే ఒత్తిడి మరో తీరు. "నిన్ను చూసే మనందరినీ అంచనా కడతారు, జాగ్రత్త" అని మా పెద్దవాళ్లు నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆ మాట ఎంతగా నాటుకుపోయిందంటే, ఈ మధ్య ఒక నివేదికలో రెండు వరుసల అంకెలు తారుమారైతే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అంతకు ముందు వారం పక్క సీటువారు అంతకంటే పెద్ద పొరపాటే చేసి, నవ్వేసి, సరిదిద్దుకున్నారు. ఆ నవ్వు నాకెందుకు రాదన్నదే నా బాధ.

మర్యాద తప్పకుండా, బంధాలు చెడకుండా, ఈ పాత్రలోంచి బయటపడే మార్గం ఉందా? లేక నేను మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు కాబట్టి, ఇలా తప్పుకోవాలనుకోవడమే బాధ్యత తప్పించుకోవడం అవుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

---

పాత గడియారం

మీరు రాసిన ఆ రెండు సెకన్ల గురించి చదువుతుంటే నాకు పదకొండేళ్ల నాటి ఒక గది, అందులో నేను కూర్చున్న కుర్చీ గుర్తుకొచ్చాయి. ముందుగా ఒక మాట చెప్పాలి. దీన్ని మీ సున్నితత్వం కింద జమకట్టుకోకండి, ఇందులో మీ స్వభావం కంటే లెక్క పాత్ర ఎక్కువ.

రోజబెత్ మాస్ కాంటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఒక పెద్ద సంస్థలో పురుషుల మధ్య ఒకరిద్దరుగా పనిచేస్తున్న స్త్రీలను పరిశీలించి, 1977లో ఈ పరిస్థితిని వివరించారు. ఒక బృందంలో ఒక రకం మనుషులు నూటికి సుమారు 15 మందికి మించనప్పుడు, వారు వ్యక్తులుగా కాక తమ వర్గానికి గుర్తులుగా కనబడతారన్నది ఆమె వాదన. అలాంటివారి మీద చూపులు ఎక్కువగా నిలుస్తాయి, మిగిలినవారికీ వారికీ మధ్య ఉన్న తేడా ఉన్నదానికంటే పెద్దదిగా తోస్తుంది, వారి సొంత స్వభావాన్ని పక్కనపెట్టి అందరూ ముందే అనుకున్న మూసలో వారిని ఇరికిస్తారు. 40 మందిలో ఒకరు అంటే నూటికి రెండున్నర. మీ కుర్చీలో ఎవరు కూర్చున్నా తలలు అటే తిరిగేవి. ఆ చూపుల కింద మనుషులు రెండు దారుల్లో పోతారని కూడా ఆమె గమనించారు. కొందరు ఎవరూ వేలెత్తి చూపలేనంతగా పనిచేయాలని తాపత్రయపడతారు, కొందరు కంటబడకుండా ముడుచుకుపోతారు. నేను మొదటి అయిదేళ్లు మొదటి దారిలో పరుగెత్తి, అలసిపోయి, తర్వాత రెండేళ్లు రెండో దారిలో దాక్కున్నాను. రెండిట్లోనూ సుఖం లేదు.

ఇక జవాబుల సంగతి. నేను చాలాకాలం పొద్దున బయలుదేరేటప్పుడే ఆ రోజు వార్తలు చూసుకుని, ఎవరేమడుగుతారో ఊహించి, దారిపొడవునా మనసులో సమాధానాలు కూర్చుకునేవాణ్ణి. సగం రోజులు ఎవరూ అడిగేవారు కాదు, అయినా ఆ శ్రమ ఖర్చయిపోయేది. ఒకరోజు విసుగొచ్చి, ఇకమీదట "మేము" అన్న మాటతో వాక్యం మొదలుపెట్టనని నియమం పెట్టుకున్నాను. "మీవాళ్లు ఏమనుకుంటున్నారు?" అంటే "అందరి మాటా నాకు తెలియదు కానీ, నాకైతే ఇలా అనిపించింది" అని రెండు వాక్యాలు చెప్పి, "మీకేమనిపించింది?" అని తిరిగి అడిగేవాణ్ణి. ఆ తిరుగు ప్రశ్న చాలా ముఖ్యం. అడిగినవారు అప్పటిదాకా తీర్పరి స్థానంలో ఉంటారు, మీరు బోనులో ఉంటారు. ఆ ప్రశ్నతో ఇద్దరూ ఒకే వార్త చదివిన ఇద్దరు మనుషులవుతారు. నేను ఎవరి వకాల్తా పుచ్చుకోలేదన్న సంగతి విడిగా ప్రకటించాల్సిన అవసరం కూడా రాదు.

అసలు మాట్లాడాలని లేని రోజున "ఈ రోజు దీని గురించి మాట్లాడే ఓపిక లేదండీ" అంటే సరిపోతుంది. దానికి కారణం జతచేయకండి. కారణం చెప్పారంటే దాని మీద మళ్లీ చర్చ మొదలవుతుంది.

---

తడబాటు

నాకు నత్తి ఉంది. పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కచోట మాత్రం నా అనుభవం వేరు.

"నేను నా ఒక్కడికే జవాబుదారీ" అనుకోవడానికి నేనూ ప్రయత్నించాను. కానీ మా సంస్థలో నా తర్వాత నత్తి ఉన్న మరొకరు ఉద్యోగానికి వచ్చినప్పుడు, ఎంపిక చేసేవారిలో ఒకరు "మన దగ్గర ముందే ఒకరున్నారు కదా, ఆయన బాగానే చేస్తున్నారు" అని అన్నారట. ఆ మాట విని సంతోషించాలో భయపడాలో నాకు తెలియలేదు. నేను బాగా చేయకపోయి ఉంటే ఆ రెండో మనిషి గతేమిటి? కాబట్టి మీ పెద్దవాళ్లు చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. అన్నమంతా పట్టి చూడాలా, ఒక్క మెతుకు చాలదా అంటారే, లోకం మనల్ని అలాగే చూస్తుంది. ఒకే కుండలో ఉడికిన మెతుకులకు ఆ సామెత సరిపోతుంది. మనుషులు ఒక్క కుండలో ఉడకరు. ఈ సంగతి లోకానికి తెలియకపోవడం నా తప్పు కాదు, కానీ దాని ఫలితం నా తర్వాత వచ్చే మనిషి మీద పడుతుందన్నదీ అబద్ధం కాదు.

అందుకే నేను పూర్తిగా తప్పుకోలేదు, హద్దులు గీసుకున్నాను. మాటల మధ్యలో నేను ఆగిపోయినప్పుడు ఎదుటివారు నా వాక్యాన్ని తామే పూర్తిచేస్తే, "ఒక్క క్షణం ఆగండి, నేనే చెబుతాను" అంటాను. ఇది నాకోసం కాబట్టి ఎప్పుడూ అంటాను. నత్తి ఎందుకు వస్తుంది, తగ్గుతుందా, ఒత్తిడి వల్లనా అన్న ప్రశ్నలు పనివేళల్లో వస్తే సాయంత్రం మాట్లాడుకుందామంటాను. నిజంగా తెలుసుకోవాలనుకున్నవారు సాయంత్రం వస్తారు. పది మందిలో ఇద్దరు వచ్చారు. వారిద్దరూ ఇప్పటికీ నాకు మంచి స్నేహితులు.

మరో సంగతి కూడా చూసుకోండి. వైవిధ్యానికి సంబంధించిన కమిటీ ఏది వేసినా అందులో నా పేరు ఉండేది, కొత్తవారికి అవగాహన తరగతి పెట్టినా నన్నే పిలిచేవారు, పైగా ఇదంతా నా అసలు పనికి అదనం. అమెరికాలో విశ్వవిద్యాలయాల్లోని మైనారిటీ అధ్యాపకుల మీద పడే ఇలాంటి చాకిరీకి అమాడో పడీయా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో "సాంస్కృతిక పన్ను" అని పేరు పెట్టారు. ఆ మాట తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. మా అధికారి దగ్గరకు వెళ్లి, ఈ పనులకు నెలలో ఎన్ని గంటలు పోతున్నాయో కాగితం మీద రాసి చూపించి, వీటిని నా పని కింద లెక్కించండి లేదా తగ్గించండి అని అడిగాను. తగ్గించారు. లెక్కించడం మాత్రం ఇప్పటికీ జరగలేదు.

---

అడిగేవాడిని

ఈ చర్చలో నేను రెండో వైపు మనిషిని. ఎక్కడికి వెళ్లినా నా లాంటివాళ్లే ఎక్కువగా ఉంటారు. "మీవాళ్లు ఏమనుకుంటున్నారు?" అన్న ప్రశ్న నేనూ ఎన్నోసార్లు అడిగాను, అది ఎదుటివారిని గౌరవించడమేనని నమ్మి అడిగాను.

ఒకసారి మా సహోద్యోగిని అలా అడిగితే, ఆమె ఎంతో ప్రశాంతంగా "అందరినీ కనుక్కుని చెప్పాలంటే వాళ్ల ఫోన్ నంబర్లన్నీ నా దగ్గర లేవండీ" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం ఆ నవ్వు చేదుగా గుర్తొచ్చింది. మా వర్గంవాడు ఎవడైనా ఘోరం చేస్తే నన్నెవరైనా సంజాయిషీ అడిగారా అని వెనక్కి వెళ్లి వెతుక్కుంటే నా యాభై ఏళ్ల జీవితంలో ఒక్కసారి కూడా దొరకలేదు. వాడు చేశాడు, వాడు అనుభవిస్తాడు అనుకుని అందరం పేపరు మడిచి పక్కన పెట్టాం.

మీకు సలహా చెప్పే అర్హత నాకుందని అనుకోను. అడిగేవారందరూ పరీక్ష పెట్టడానికి అడగరని, కొందరికి మాట కలపడానికి వేరే దారి తెలియదని మాత్రం చెప్పగలను. మీరు "మీకేమనిపించింది?" అని తిరిగి అడిగితే నాలాంటివాడు మొదట తడబడతాడు, నొచ్చుకోడు.

---

ఇంటిమాట

మీ పెద్దవాళ్ల సంగతిని ఎవరూ పూర్తిగా పట్టించుకోలేదు కాబట్టి నేను దాని గురించే రాస్తాను. నా అనుభవంలో బయటివారి ప్రశ్నలకంటే ఇంటివారి హెచ్చరికలే ఎక్కువ కాలం చెవిలో మోగుతాయి.

మా అమ్మ కూడా ఇలాగే అనేది. నలుగురిలో గట్టిగా నవ్వొద్దు, జీతం గురించి బేరమాడొద్దు, కోపం వచ్చినా చూపించొద్దు, మనల్ని చూసి మనవాళ్లందరినీ అంటారు అని. నేను కొన్నేళ్లు ఆమె మీద కోపం పెంచుకున్నాను. తర్వాత ఒకరోజు ఆమె చిన్నతనంలో ఏం చూసిందో అడిగి కూర్చోబెట్టి చెప్పించుకున్నాక ఆ కోపం పోయింది, భయం మాత్రం ఆమెది కాబట్టి ఆమె దగ్గరే ఉంచాను. ఎవెలిన్ బ్రూక్స్ హిగిన్‌బోథమ్ అనే చరిత్రకారిణి, 1880 నుంచి 1920 వరకు అమెరికాలోని నల్లజాతి బాప్టిస్టు చర్చి స్త్రీల ఉద్యమం గురించి 1993లో రాస్తూ, మర్యాదైన నడవడితో తెల్లవారి చిన్నచూపును తిప్పికొట్టాలన్న వారి ప్రయత్నానికి "మర్యాదల రాజకీయం" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ స్త్రీలు దాన్ని ఒక ఆయుధంగానే వాడారు. కానీ మన తప్పు లేకుండా వచ్చిపడిన చిన్నచూపును పోగొట్టే పూచీ కూడా మన నడవడి మీదే పెట్టడం దానిలోని చిక్కు.

పైగా ఆ పద్ధతి అనుకున్నంతగా పనిచేయదు. "మీరు మీవాళ్లలా ఉండరండీ" అన్న ప్రశంస మీకూ ఎదురై ఉంటుంది. థామస్ పెటిగ్రూ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1979లో దీని వెనకున్న ఆలోచనా విధానాన్ని వివరించారు. తమకు చిన్నచూపున్న వర్గంవారు చెడ్డపని చేస్తే అది వారి స్వభావమని, మంచిపని చేస్తే అది అదృష్టమనో, పరిస్థితుల బలమనో, ఆ ఒక్కరూ మినహాయింపనో చెప్పుకుంటారన్నది ఆయన మాట. అంటే మీ నివేదికలో అంకెలు తారుమారైతే ఖాతా వర్గం పేరున, మీకు పదోన్నతి వస్తే ఖాతా మీ ఒక్కరి పేరున. ఇలాంటి లెక్కలో మచ్చలేని మనిషిగా ఉండటానికి నిద్రలు పాడుచేసుకుంటే వర్గానికి ఒరిగేదేమిటి? ఈ సంగతి అర్థమయ్యాక నేను మొదటిసారి ఆఫీసులో జీతం గురించి బేరమాడాను.

అలాగని ఒక్కరి వల్ల ఏమీ మారదని కూడా అనను. వేరువేరు వర్గాల మధ్య పరిచయం పెరిగితే చిన్నచూపు తగ్గుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో రాశారు కానీ, దానికి నాలుగు షరతులు పెట్టారు. ఆ సందర్భంలో ఇరువురి స్థాయి సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, దానికోసం కలిసి పనిచేయాలి, పై అధికారుల మద్దతు ఉండాలి. మీరు బోనులో నిలబడి సంజాయిషీ ఇస్తున్నప్పుడు మొదటి షరతే తప్పిపోతోంది. పక్క సీటువారితో కలిసి అదే నివేదికను సరిదిద్దుతున్నప్పుడు దాదాపు అన్నీ నెరవేరుతున్నాయి. కాబట్టి మీరు మీ పని మీరు చేసుకుంటూ మామూలుగా ఉండటాన్ని బాధ్యత తప్పించుకోవడం అనుకోకండి.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. మీ వర్గంవారే, మీలాగే వేరే చోట్ల ఒంటరిగా పనిచేసేవారు ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టుకోండి. మనవాళ్లలో మనకు నచ్చనివి కూడా ఉంటాయి. బయట అంటే శత్రువులకు ఆయుధం ఇచ్చినట్టని, ఇంట్లో అంటే ద్రోహమని నోరు కుట్టేసుకుంటాం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ మాటలు అనడానికి ఒక చోటు కావాలి. మేము నెలకోసారి ముగ్గురం కలుస్తాం, మొదటి గంటంతా మావాళ్లను తిట్టుకోవడంతోనే సరిపోతుంది. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం స్నేహితులతో సరిపెట్టకుండా కౌన్సెలర్‌ను కలవండి. ఎప్పుడూ ఎవరో చూస్తున్నారన్న అప్రమత్తతలో బతకడం ఒంటికి, మనసుకి నిజంగానే చేటు చేస్తుంది.

---

కిటికీ పక్క సీటు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు. "ఇంటిమాట" గారూ, "మీరు మీవాళ్లలా ఉండరు" అన్న ప్రశంస నాకు చేరిన మొదటి నెలలోనే వచ్చింది, అప్పుడు నేను "థాంక్స్" కూడా చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కమిటీల పనికి గంటలు రాసుకోవడం మొదలుపెట్టాను. మూడు వారాల్లో పదకొండు గంటలయ్యాయి. ఇంతవుతుందని నేను అనుకోలేదు. ఇంకా అధికారికి చూపించలేదు.

మొన్న మళ్లీ ఒక వార్త వచ్చింది. మధ్యాహ్నం ఒకాయన నా సీటు దగ్గర ఆగి "చూశారా?" అన్నారు. "చూశాను, చాలా బాధేసింది. మీకేమనిపించింది?" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు ఆలోచించి, నిజానికి తాను శీర్షిక మాత్రమే చదివానన్నారు. తర్వాత ప్రింటర్ పనిచేస్తోందా అని అడిగి వెళ్లిపోయారు. అంతే జరిగింది. అయితే అమ్మానాన్నలతో మాత్రం ఇంకా మాట్లాడలేదు, ఆ ధైర్యం ఇంకా రాలేదు.

"తడబాటు" గారికి ఒక ప్రశ్న. ఆ రెండో వ్యక్తిని తీసుకున్నారా?

---

తడబాటు

తీసుకున్నారు. చేరిన మొదటి నెలలోనే ఒక ముఖ్యమైన గడువు తప్పారు. నేను ఆయనకంటే ఎక్కువ కంగారుపడ్డాను. ఆయన మాత్రం నవ్వేసి, క్షమాపణ చెప్పి, మర్నాటికి పూర్తిచేసిచ్చారు. మేమిప్పుడు ఇద్దరం ఉన్నాం కాబట్టి, మా ఇద్దరిలో ఎవరు ఎవరిలా ఉంటారన్నది మా విభాగంవారికి కొంచెం అయోమయంగానే ఉంది.